మూడో గడి

పరీక్షలు దగ్గరపడగానే ఇంజనీరింగ్ కళాశాలల నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. హాల్ టికెట్ కోసం వచ్చిన పిల్లలు దాని ముందునుంచే పోతారు. ఎవరూ ఆగి చదవరు. అది ఇంగ్లీషులో ఉంటుంది. అక్షరాలు చిన్నవి. పైన 'మాల్‌ప్రాక్టీస్ రూల్స్' అని ఉంటుంది. కాపీ కొట్టేవాళ్ళ కోసం కదా, మనకెందుకు అనుకుంటారు.

ఆ కాగితాన్ని మేం కొందరం కూర్చుని, కథను చదివినట్టు మాట మాటా చదివాం. మాలో బడిపంతుళ్ళు ఉన్నారు, కళాశాలల్లో పాఠం చెప్పేవాళ్ళు ఉన్నారు, ఇంకా చదువుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. నిబంధన కూడా ఒక రచనే. దాన్ని ఎవరో రాశారు. ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో, ఎవరిని మరిచిపోయారో ఆ మాటల్లోనే తెలుస్తుంది. విమర్శ కథలకీ కవితలకీ మాత్రమే ఎందుకు పరిమితం కావాలి? ఒక పిల్ల చదువులో ఏడాదిని తీసెయ్యగల రచనను ముందుగా విమర్శకు పెట్టాలి.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. కాపీ కొట్టడాన్ని మేం సమర్థించడం లేదు. 'గిరిజన పిల్లలు కదా, చూసీచూడనట్టు వదిలెయ్యండి' అనే జాలి మాకు వద్దు. ఆ జాలి కూడా చిన్నచూపే. రాత్రంతా చదివి రాసిన సవర పిల్ల పక్కన, స్లిప్పు పెట్టి రాసినవాడు ఎక్కువ మార్కులతో బయటికి పోతే నష్టపోయేది ఆ పిల్లే. నియమం ఉండాలి. నియమం ఉందని మేం బాధపడటం లేదు. అది సగమే రాసి ఉందని అంటున్నాం.

తప్పు ఎక్కడ మొదలవుతుందో ముందు చూద్దాం. మన ఆశ్రమ పాఠశాలలో చిన్న తరగతి పిల్లకు పంతులు ఇచ్చే మొదటి పనుల్లో ఒకటి చూచిరాత. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించాలి. ఎంత బాగా దించితే అంత మెచ్చుకోలు. ఇంట్లో సవరో, కువియో, గదబో మాట్లాడే పిల్లకు తెలుగే రెండో భాష. సొంత వాక్యం కడితే తప్పు వస్తుంది, దించితే రాదు. దించడంలోనే క్షేమం ఉందని ఆ పిల్ల తొందరగా నేర్చుకుంటుంది. హైస్కూలుకు వస్తే గైడు. ఇంటర్‌లో నోట్సు బట్టీ. డిగ్రీకో ఇంజనీరింగుకో వస్తే రికార్డు. సీనియర్ దగ్గర రికార్డు తెచ్చుకుని, బొమ్మలతో సహా దించి, సంతకం పెట్టించుకోవడం అందరికీ తెలిసిన పనే. సంతకం పెట్టే మాస్టారికీ తెలుసు.

పదిహేనేళ్ళపాటు దించినందుకు మార్కులు వేసిన చదువే, పీజీ ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి 'ఇది దొంగతనం' అంటుంది. చూచిరాతకూ చూసి రాయడానికీ మధ్య గట్టు ఎక్కడుందో ఈ మధ్యకాలంలో ఎవరూ చూపించలేదు. గట్టు ఎక్కడో చెప్పకుండా పశువును వదిలేసి, చేలో పడిందని బందెలదొడ్డికి తోలినట్టుంది ఈ వరస.

ఇక ఆ కాగితం దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలలు చాలాకాలం కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండేవి. 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఏర్పడ్డాక దాని కిందికి వెళ్ళాయి. జేఎన్‌టీయూల నిబంధనల పుస్తకాల చివర ఏళ్ళ తరబడి దాదాపు ఒకే పట్టిక అచ్చవుతూ వస్తోంది. అందులో నిలువుగా రెండు గడులు. ఎడమ గడిలో 'అభ్యర్థి ఇలా చేస్తే' అని ఉంటుంది. కుడి గడిలో 'శిక్ష' అని ఉంటుంది. మొత్తం పన్నెండు వరుసలు.

మొదటి వరుస ఏం చెబుతుందంటే, పరీక్ష రాస్తున్న సబ్జెక్టుకు సంబంధించిన కాగితం, నోటుపుస్తకం, సెల్‌ఫోన్, పేజర్ వంటివి దగ్గర ఉంచుకుని వాడకపోయినా సరే, హాలు నుంచి బయటికి పంపి ఆ సబ్జెక్టు రద్దు చేస్తారు. పేజర్ అనే వస్తువును ఇప్పటి పిల్లల్లో చూసినవాళ్ళు ఉండరు. పేజర్ పోయింది గానీ పట్టికలో దాని చోటు పోలేదు. అంటే ఈ రచనను మళ్ళీ కూర్చుని చదివినవాళ్ళు తక్కువని అర్థం. అదే వరుసలో ఒంటి మీద గుర్తుల మాట కూడా ఉంది. మన అవ్వల చేతుల మీది పచ్చబొట్లు చూస్తే స్క్వాడ్ ఏమంటుందో అని మాలో ఒకరు నవ్వారు. కానీ అక్కడ ఒక షరతు ఉంది. ఆ గుర్తు ఆ సబ్జెక్టు పరీక్షకు సాయపడేదై ఉండాలి. ఈ షరతును గుర్తుపెట్టుకోండి, దీనితో కాసేపట్లో పని పడుతుంది.

నిజంగా చూసి రాస్తే శిక్ష పెద్దది. ఆ సబ్జెక్టుతోపాటు అప్పటిదాకా రాసిన మిగతా సబ్జెక్టులూ, ప్రాక్టికల్సూ, ప్రాజెక్టూ పోతాయి. మిగిలిన పరీక్షలు రాయనివ్వరు. దగ్గర ఉంచుకోవడానికీ వాడటానికీ ఇంత తేడా ఉందన్నమాట. ఆ రెండింటిలో ఏది జరిగిందో ఎవరు తేలుస్తారు? పట్టిక చెప్పదు.

మమ్మల్ని ఎక్కువసేపు ఆపిన వరుస ఇంకొకటి. జవాబుపత్రంలో అసభ్యంగా, తిట్లతో రాసినా, పాస్ మార్కులు వెయ్యమని పేపరు దిద్దే మాస్టారిని వేడుకుంటూ రాసినా, శిక్ష ఒక్కటే. ఆ సబ్జెక్టు రద్దు. తిట్టినవాడూ బతిమాలినవాడూ ఒకే వరుసలో నిలబడ్డారు. జవాబుపత్రంలో బతిమాలడం తప్పే, ఒప్పుకుంటాం. అయినా 'అయ్యా, నేను గిరిజన విద్యార్థిని, ఈసారి పాస్ చెయ్యండి' అని చివరి పేజీలో రాసే పిల్లవాడు ఎలాంటి స్థితిలో ఉండి రాస్తాడు? నాలుగుసార్లు అదే సబ్జెక్టు తప్పినవాడు, ఇంకెవరికి చెప్పుకోవాలో తెలియనివాడు రాస్తాడు. ఆ రాత అతని కళాశాలకు ఒక కబురు. అది పట్టికలో నేరంగా మాత్రమే నమోదైంది.

పదకొండో వరుస ప్రకారం, పేపర్లు దిద్దేటప్పుడు రాతలో పోలికలు కనిపిస్తే ఆ సెమిస్టరు మొత్తం పోతుంది. పన్నెండో వరుస, పైన చెప్పిన పదకొండింటిలోకి రాని తప్పు ఏదైనా ఉంటే విశ్వవిద్యాలయానికి రాయండి, తగిన శిక్ష వేస్తారు అంటుంది. శిక్షకు అంచు లేకుండా చేసిన వరుస ఇది.

పట్టిక అయిపోయాక కింద నాలుగు ముక్కలు ఉన్నాయి. కళాశాలే కాపీలను ప్రోత్సహించిందని స్క్వాడ్ రాస్తే ఏం చెయ్యాలో అక్కడ ఉంది. మొదట కళాశాలకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. తర్వాత జరిమానా. తర్వాత పరీక్షా కేంద్రాన్ని కనీసం ఏడాదిపాటు వేరే చోటికి మార్చడం. ఇక్కడ మేం ఆగిపోయాం. పన్నెండు వరుసల్లో విద్యార్థికి ఒక్కచోట కూడా కనిపించని మాట కళాశాల దగ్గరికి వచ్చేసరికి మొదటి మెట్టుగా కనిపించింది. సంస్థను ముందు 'ఏమంటావు' అని అడగాలి. పిల్లను ముందు బయటికి పంపాలి. ఎడమ గడిలో నేరం, కుడి గడిలో శిక్ష. విద్యార్థి ఏం చెప్పింది అనే మూడో గడి లేదు.

ఆ గడి లేకపోతే ఏమవుతుందో మేం దగ్గరగా చూసిన సంగతి ఒకటి చెబుతాం. కళాశాల పేరు అక్కర్లేదు. సీతంపేట కొండల మీది ఊరి నుంచి వచ్చి చదువుతున్న ఒక అమ్మాయి పరీక్ష రాస్తోంది. ఆమె హాల్ టికెట్ వెనక పెన్సిలుతో రెండు అంకెల వరుసలు ఉన్నాయి. ఒకటి ఊరికి పోయే బస్సుల వేళలు. రెండోది హాస్టల్ వార్డెన్ ఫోన్ నంబరు. తనిఖీకి వచ్చినవాళ్ళు చూశారు. రాయడం ఆపించారు. ఒక ఫారం ముందు పెట్టారు. ఆమె సంతకం చేసింది. తర్వాత మేం అడిగితే, "ఏటి రాసుందో సరిగ్గా సదవలేదు సార్. సంతకం ఎట్టమన్నారు, ఎట్టేసినాను" అంది. ఇంటికి ఫోన్ చెయ్యలేదు. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. చదువు మానేసి విజయవాడలో బట్టల షాపు పనికి పోదామని స్నేహితురాలితో అందట.

ఆ స్నేహితురాలు తమ పాత ఆశ్రమ పాఠశాల మాస్టారికి చెప్పింది. ఆయన వచ్చి నిబంధనల పుస్తకం తెప్పించుకుని చదివారు. 'సబ్జెక్టుకు సంబంధించిన' అనే మాట కింద గీత గీశారు. ఒక పేజీ అర్జీ రాయించారు. కాగితం మీద ఉన్నది బస్సు వేళలు, పరీక్ష సబ్జెక్టు కాదు, దయచేసి ఆ కాగితాన్ని మళ్ళీ చూడండి, అమ్మాయిని పిలిచి అడగండి అని మాత్రమే అందులో ఉంది. కమిటీ పిలిచింది, చూసింది, ఆ పేపరు దిద్దించింది. ఇందులో గొప్ప పోరాటం ఏమీ లేదు. చదవాల్సిన మాటను ఒకరు చదివారు, అంతే. చదివే మనిషి దొరకని పిల్లలు ఎంతమంది బట్టల షాపులకు పోయారో లెక్క ఎవరి దగ్గరా లేదు.

అమ్మాయిని పిలిచి అడగాలన్నది ఆ మాస్టారి మంచితనం నుంచి పుట్టిన మాట కాదు. అది ఈ దేశపు చట్టం. ఉత్తరప్రదేశ్‌లో 1954లో ఇంటర్మీడియట్ పరీక్ష రాసిన ముగ్గురు విద్యార్థుల జవాబుల్లో ఒకేరకం తప్పులు ఉన్నాయని అక్కడి పరీక్షల బోర్డు వాళ్ళ ఫలితాలు రద్దు చేసింది, మరుసటి ఏడాది పరీక్షకూ కూర్చోనివ్వలేదు. వాళ్ళను ఒక్క మాట అడగలేదు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఘనశ్యామ్‌దాస్ గుప్తా కేసు అంటారు. 1962లో కోర్టు తీర్పు చెప్పింది. విద్యార్థి భవిష్యత్తును దెబ్బతీసే నిర్ణయం చేసేటప్పుడు బోర్డు న్యాయం చెప్పే స్థానంలో కూర్చున్నట్టే, కాబట్టి ఆ విద్యార్థికి ఆరోపణ ఏమిటో చెప్పి, అతని మాట వినాలి. మన పట్టికలో పదకొండో వరుస సరిగ్గా ఇలాంటి తప్పు గురించే. తీర్పు వచ్చి అరవై ఏళ్ళు దాటింది. వరుస ఉంది, తీర్పు ఆ కాగితంలోకి రాలేదు.

రెండో వైపూ చెప్పాలి. 1970లో బీహార్ కేసులో అదే కోర్టు, ఒక పరీక్షా కేంద్రమంతా కాపీ జరిగిందని తేలినప్పుడు పరీక్షనే రద్దు చెయ్యవచ్చు, ఒక్కొక్కరినీ పిలిచి వినక్కర్లేదు అంది. మన యువతకు ఈ తేడా తెలియాలి. నీ ఒక్కదాని మీద నేరం మోపితే నీ మాట వినాలి. కేంద్రం మొత్తం చెడితే ఆ హక్కు పలచబడుతుంది. 'అందరూ కొడుతున్నారు కదా' అని గుంపులో కలిసే పిల్లలు నిజాయితీగా రాసినవాళ్ళ హక్కును కూడా తమతో పట్టుకుపోతారు.

పరీక్షల హాలు నుంచి పరిశోధన గదికి వెళ్దాం. ఇప్పుడు మన పిల్లలు ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో పీజీలు, పీహెచ్‌డీల దాకా వస్తున్నారు. అక్కడ వాళ్ళకు ఎదురయ్యేది యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్యం నిబంధనలు. మీ థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌లో పెడతారు. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలల లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాదిపాటు సరిచేసింది కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

ఈ అంకెలు హాస్టల్ గదుల్లో అందరికీ నోటికి వచ్చు. అదే నిబంధనల్లోని మిగతా మాటలు ఎవరికీ రావు. పేరు చెప్పి, ఉటంకింపుగా ఇచ్చిన భాగం పోలికలో లెక్కకు రాదు. చివర ఇచ్చే పుస్తకాల జాబితా లెక్కకు రాదు. వరసగా పద్నాలుగు మాటల లోపు కలిసిన చిన్న పోలికలు లెక్కకు రావు. ఆరోపణ వస్తే ముందు శాఖ స్థాయి ప్యానెల్ 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, తర్వాత సంస్థ స్థాయి ప్యానెల్ చూడాలి, ఇద్దరూ సహజ న్యాయ సూత్రాలు పాటించాలి. అంటే ఈ రచనలో మూడో గడి ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇతరుల మాటను ఎలా వాడుకోవాలి, పేరు ఎలా చెప్పాలి అన్నది సంస్థే నేర్పాలి, ప్రతి సెమిస్టరులోనూ అవగాహన సదస్సులు పెట్టాలి అని రాసి ఉంది. ఇది చదివే విద్యార్థులను అడుగుతున్నాం. మీ దగ్గర ఎన్ని సెమిస్టర్లలో పెట్టారు? నేర్పాల్సిన బాధ్యత వదిలేసిన సంస్థకు శాతం లెక్క లేదు. నేర్చుకోని పిల్లకే శాతం.

ఈ నిబంధనల్లో మాకు గుచ్చుకునే చోటు వేరే ఉంది. ఇంకొకరి పనినో ఆలోచననో తీసుకుని తనదిగా చెప్పుకోవడమే గ్రంథచౌర్యం అని అవి నిర్వచించాయి. మంచి నిర్వచనం. కానీ కొలిచేది యంత్రం. యంత్రానికి దాని గంపలో ఉన్న అచ్చు రాతే తెలుసు. ఒక పరిశోధకుడు మన ఊరికి వచ్చి, రెండు రోజులు ఉండి, మన ముసలమ్మ చెప్పిన మందుమొక్కల సంగతులు, మన ముసలాయన చెప్పిన ఊరి పుట్టుక కథ రాసుకుని పోతాడు. థీసిస్‌లో 'స్థానిక గిరిజనులు చెప్పారు' అని ఒక ముక్క. పేరు లేదు, ఊరు లేదు. సాఫ్ట్‌వేర్ పోలిక సున్నా శాతం అంటుంది. డాక్టరేట్ వస్తుంది. తర్వాత ఆ ముసలమ్మ మనవరాలు చదువుకుని, తన అవ్వ చెప్పిందే రాస్తే, ముందు అచ్చయిన థీసిస్‌తో పోలిక తగులుతుంది. అవ్వ మాటకు మనవరాలు దొంగ అవుతుంది. నిర్వచనం ప్రకారం చూస్తే మొదటివాడిది చౌర్యం. యంత్రం ప్రకారం చూస్తే రెండోది. నిర్వచనాన్ని పక్కనపెట్టి యంత్రాన్నే నమ్ముకున్న చోట ఇలాంటిది జరగడానికి దారి తెరిచే ఉంటుంది.

అందుకే మన పరిశోధక విద్యార్థులకు ఒక మాట. మీ అవ్వ చెప్పినదాన్ని రాస్తే ఆమె అనుమతి అడిగి, ఆమె పేరు, ఊరు, చెప్పిన తేదీ రాయండి. పుస్తకానికి ఇచ్చే మర్యాద ఆమెకూ ఇవ్వండి. మనం ముందు చేస్తే ఇతరులను అడిగే నోరు మనకు ఉంటుంది.

ఇప్పుడు శిక్షల బరువు గురించి. కాగితం మీద శిక్ష అందరికీ ఒకటే. మోసేవాళ్ళకు ఒకటి కాదు. 75 శాతం హాజరు ఉండాలి అన్నది నియమం. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపి, రుసుము కట్టి, మినహాయింపు అడగవచ్చు. 65 కంటే తగ్గితే డిటైన్. మలేరియా జ్వరంతో ఊళ్ళో పడుకున్న పిల్లకు మెడికల్ సర్టిఫికెట్ ఎక్కడిది? కందికొత్తల పండగకు పోయి, వానకు గెడ్డ పొంగి నాలుగు రోజులు ఆగిపోయిన పిల్లవాడికి రుజువు ఎవరిస్తారు? హాజరు తగ్గితే పరీక్షే కాదు, స్కాలర్‌షిప్ కూడా ఆగుతుంది. ఒక్క తప్పుకు రెండు దెబ్బలు. పట్టణంలో ఇల్లున్న కుర్రాడిని హాస్టల్ నుంచి నెల రోజులు పంపేస్తే అతను ఇంటికి పోతాడు. భద్రగిరి అవతలి కొండ మీది నుంచి వచ్చిన కుర్రాడికి హాస్టలే ఇల్లు, హాస్టలే అన్నం. అతన్ని పంపెయ్యడం అంటే చదువులోంచి పంపెయ్యడమే.

ఈ మాట తలచుకుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం గుర్తుకొస్తుంది. 2015 ఆగస్టులో మరో విద్యార్థి సంఘం నాయకుడి ఫిర్యాదుతో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల మీద క్రమశిక్షణ వ్యవహారం మొదలైంది. ఒకసారి సస్పెన్షన్, దాని ఉపసంహరణ, మళ్ళీ విచారణ, చివరికి డిసెంబరులో హాస్టళ్ళ నుంచి బహిష్కరణ. వాళ్ళు బయట డేరా వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న వారిలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. క్రమశిక్షణ అనే కాగితం మాట వెలి అనే ఊరి మాటగా ఎలా మారుతుందో ఆ ఐదుగురూ పేరు పెట్టి మరీ చూపించారు. 2019లో ముంబయిలో భిల్లు తెగకు చెందిన యువ వైద్యురాలు పాయల్ తడ్వీ, సీనియర్ల వేధింపుల ఆరోపణల మధ్య చనిపోయింది. ఆ ఇద్దరి తల్లులు రాధిక, ఆబేదా అదే ఏడాది కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. వివక్షను అరికట్టడానికి యూజీసీ 2012లోనే పెట్టిన నిబంధనలను సంస్థల చేత అమలు చేయించమని అడిగారు. చూడండి, విద్యార్థిని శిక్షించే నిబంధన తనంతట తానే అమలవుతుంది. విద్యార్థిని కాపాడే నిబంధన అమలు కావాలంటే పిల్లలను పోగొట్టుకున్న తల్లులు కోర్టు మెట్లెక్కాలి.

మన వైపు కూడా చూసుకుందాం. మన ఊళ్ళలో తగువు పడితే పెద్దలు చెట్టు కింద కూర్చుంటారు. తప్పు చేశాడన్నవాడిని నిలబెట్టి 'నువ్వు చెప్పు' అంటారు. విన్నాకే తప్పు వేస్తారు. మన మాటలో తప్పు అంటే చేసిన పనీ, దానికి కట్టే జరిమానా కూడా. తప్పు కట్టాక అందరూ కలిసి భోంచేస్తారు. ఆ మనిషి మళ్ళీ ఊళ్ళోవాడే. ఇందులో విశ్వవిద్యాలయాలు నేర్చుకోవాల్సింది ఉంది. అలాగని మన పంచాయితీలన్నీ గొప్పవని మేం అనం. ఆడమనిషి మాట వినకుండానే తీర్పు చెప్పిన చెట్టుకిందలు మాకు తెలుసు. వినడం అనేది కొండకో పట్నానికో పుట్టుకతో రాదు. ఎక్కడైనా నియమంగా రాసుకుని పాటించాల్సిందే.

మన యువత తప్పులూ ఉన్నాయి. జిరాక్స్ షాపులో రెడీమేడ్ ప్రాజెక్టు కొని బైండింగ్ చేయించుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగి, అది ఇచ్చింది చదవకుండానే అప్పజెప్పేవాళ్ళూ ఉన్నారు. కొన్న ప్రాజెక్టుతో వచ్చిన డిగ్రీ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే కారిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. మన కొండల గురించి మనం రాయాల్సిన ప్రాజెక్టు రాయకుండా పోతుంది.

మరి ఏం చెయ్యాలి? ఉపాధ్యాయులను అడిగేవి మూడు. ఒకటి, చూచిరాత అయ్యాక పుస్తకం మూసి, 'ఇప్పుడు నీ మాటల్లో చెప్పు' అనండి. పిల్ల తన భాషలో మొదలుపెట్టినా సరే. వందేళ్ళ కిందట పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలో వాచకాలు రాసి, బడులు పెట్టారు. పరాయి మాటను దించే పిల్లకు చదువు అంటదని ఆయనకు అప్పుడే తెలుసు. రెండు, పదో తరగతిలోనే 'ఈ మాట ఎవరు చెప్పారో పేరు రాయి' అనే అలవాటు చెయ్యండి. మూడు, మీ దగ్గర చదివి వెళ్ళిన పిల్లల చేతిలో మీ ఫోన్ నంబరు ఉంచండి, నోటీసు వచ్చిన రోజు వాళ్ళకు ఒక పెద్ద దిక్కు ఉంటుంది.

యువతకు చెప్పేవీ మూడు. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. చదివి వినిపించమని అడగండి, మీరు ఒప్పుకోని మాట ఉంటే సంతకం పక్కనే 'నేను ఒప్పుకోవడం లేదు, కారణం ఇది' అని తెలుగులోనే రాయండి. ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వమని, మీ మాట వినమని అర్జీ పెట్టి, తీసుకున్నట్టు కాపీ మీద ముద్ర వేయించుకోండి. కళాశాల వినకపోతే అక్కడితో ఆగకండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో ఒక విద్యార్థి ప్రతినిధి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాల నుంచి కనీసం ఒకరు, మహిళ కనీసం ఒకరు ఉండాలి. ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే ఆంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మార్కులు మళ్ళీ దిద్దమంటే ఆయన మామూలుగా తీసుకోరు. వివక్ష జరిగిందని నిర్దిష్టంగా చూపగలిగితే తీసుకుంటారు.

విశ్వవిద్యాలయాలను అడిగేది ఒక్కటే. ఆ పట్టికలో మూడో గడి గియ్యండి. ఎడమన నేరం, మధ్యలో విద్యార్థి మాట, ఆ తర్వాత శిక్ష. మధ్య గడి ఖాళీగా ఉన్నంతకాలం కుడి గడి నింపకూడదు. పట్టికను తెలుగులో అచ్చువేసి, మొదటి సంవత్సరం మొదటి వారంలోనే చదివి వినిపించండి. ఈ పని మొదలుపెట్టడానికి తగిన చోటు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. 2014 రాష్ట్ర విభజన చట్టంలో మాట ఇస్తే, 2019లో చట్ట సవరణతో ఏర్పడి, విజయనగరం పక్కన కొండకరకంలో తాత్కాలిక భవనాల్లో తరగతులు మొదలుపెట్టింది. 2023 ఆగస్టులో చినమేడపల్లి దగ్గర సొంత భవనాలకు శంకుస్థాపన జరిగింది. గిరిజన అనే మాట బోర్డు మీద ఉంటే చాలదు. విచారణ గదిలో ఆ పిల్ల తన భాషలో మాట్లాడగలగాలి, పక్కన తెలిసిన పెద్దమనిషి ఒకరు కూర్చోగలగాలి.

అంతదాకా మన పని మనం చేద్దాం. ఈసారి పరీక్షల ముందు ఆ కాగితం దగ్గర ఆగండి. పక్కన నలుగురిని నిలబెట్టుకుని, వరుస వరుసా తెలుగులో చెప్పండి. సవర వచ్చినవాళ్ళు సవరలో చెప్పండి. చివర ఒక ప్రశ్న అడగండి: 'ఇందులో మనం చెప్పేది ఎక్కడ రాసుకుంటారు?'